గోదావరికి ఇటు డప్పు, అటు డోలు

సెలవులకు ఊళ్ళు చూడబోయేవారు సాధారణంగా గుళ్ళూ, జలపాతాలూ చూచి వస్తారు. కరీంనగరం నుంచి ఉత్తరంగా పోయేవారికి ఈ రెండింటికీ కొదవలేదు. దారిలో ధర్మపురి ఉన్నది, ఆపైన కుంటాల ఉన్నది. నిరుడు దసరాకూ దీపావళికీ నడుమ నేను ఆ దారిన పోయినది మాత్రం చూడడానికి కాదు, వినడానికి. నా చేతిసంచిలో రెండు మైకులూ, ఒక జత పాత మేజోళ్ళూ, ఒక పురికొస ఉండ ఉన్నవి. ఈ ప్రయాణం మా ఇంట్లోనే మొదలైంది. ముగిసింది కూడా మా ఇంటికి అరమైలు దూరంలోనే.

మేనల్లుడి వాయిద్యం

మా మేనల్లుడు ఒక పెళ్ళిబ్యాండువాళ్ళ దగ్గర పాత డ్రమ్ముల సెట్టు ఒకటి కొన్నాడు. డీజే పెట్టెలు వచ్చినతరువాత ఆ బ్యాండు మూతపడింది. కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము ఒకటి, స్నేరు ఒకటి, టామ్‌లు మూడు, కంచు పళ్ళేలవంటి తాళాలు మూడు. ఒక మనిషి కూర్చుని రెండుచేతులా, రెండుకాళ్ళా వీటన్నిటినీ వాయించాలి. పూర్వం పాశ్చాత్యుల మేళాలలో ఈ పనికి ఇద్దరు ముగ్గురు ఉండేవారట. 1909లో అమెరికాలో లుడ్విగ్ అనే ఆయన పెద్ద డ్రమ్మును కాలితో కొట్టే మంచి పెడలు తయారుచేశాడు. ఆనాటినుంచి ఈ వాయిద్యం ఏకాకి అయింది.

"మామా, దీన్ని రికార్డు చెయ్యాలె. దీనిమీద మన డప్పు కూడ పడాలె" అన్నాడు వాడు.

హైదరాబాదు స్టూడియోల అద్దె విన్నాక ఆ ఆశ వదులుకున్నాం. మా ఇద్దరి దగ్గరా కలిపి ఏడువేల రూపాయలున్నవి. సెల్‌ఫోనుతో ప్రయత్నించి చూశాం. ఫోను శబ్దం ఎక్కువైనప్పుడు తానే గొంతు నొక్కేస్తుంది. అందువల్ల మొదటిదెబ్బ పగిలిపోయింది, తరువాతి దెబ్బలు దుప్పట్లో ముఖం పెట్టి మాట్లాడినట్టు వచ్చినవి.

కరీంనగరంలో మేముండే ఇల్లు ఈ పనికి పనికిరాలేదు. పైన స్లాబు, చుట్టూ నున్నటి గోడలు; మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే శబ్దం గోడల మధ్య బంతిలా ఎగిరి 'ట్ర్‌ర్' మంటున్నది. పైగా పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సెకనుకు దాదాపు 56 కంపనాల మందరస్వరం గూడుకట్టుకుంటుంది. పెద్ద డ్రమ్ము ఉన్నదీ ఆ ప్రాంతంలోనే. ఇక ఇరుగుపొరుగుల సంగతి చెప్పనక్కరలేదు.

అందుకని సామానంతా ట్రాలీ ఆటోలో వేసుకుని మానేరు పక్కన ఉన్న మా ఊరి పాత ఇంటికి తీసుకుపోయాం. మట్టిగోడలు, దూలాలు, వాసాలు, పెంకుల కప్పు. అక్కడ చప్పట్లు కొడితే శబ్దం తిరిగిరాలేదు. ఎగుడుదిగుడు గోడలూ, వాసాల సందులూ దాన్ని ముక్కలు చేసి మింగేశాయి. వందేళ్ళనాటి వడ్రంగి మాకు తెలియకుండానే స్టూడియో కట్టిపెట్టాడు!

ఏడువేల రూపాయల శాస్త్రం

ఇట్లాంటి ప్రయత్నం చేయదలచుకున్న పాఠకులకు మా అనుభవం ఉపయోగపడవచ్చు.

పాత మైకు ఒకటి కొన్నాం. 1965లో అమెరికాలో షూర్ కంపెనీవారు తెచ్చిన ఎస్సెం 57 రకానిది. అది సుత్తిదెబ్బకూడా ఓర్చుకునే మొండిఘటం. రెండవది మైకుసెట్టు అబ్బాయి దగ్గర రోజుకు రెండువందల కిరాయికి తెచ్చాం. వీటిని కంప్యూటరుకు తగిలించే రెండు ద్వారాల పెట్టెను ఒక మిత్రుడు అరువిచ్చాడు. స్టాండ్లకు డబ్బు మిగలలేదు. నూనెడబ్బాల్లో ఇసుక పోసి వెదురుబొంగులు నాటాం.

రెండే మైకులతో ఇన్ని డ్రమ్ములను పట్టడం ఎట్లా? 1960ల చివర లండన్‌లో గ్లిన్ జాన్స్ అనే శబ్దగ్రాహకుడు కొద్ది మైకులతోనే పని నెరవేర్చే ఉపాయం కనిపెట్టాడు. ఒక మైకు స్నేరుకు నేరుగా పైన మూడుమూరల ఎత్తున. రెండవది వాయించేవాడి కుడిపక్క పెద్ద టామ్ మీదుగా స్నేరువైపు చూస్తూ. రెండూ స్నేరుకు సమానదూరంలో ఉండాలి. అదే కిటుకు. ధ్వని సెకనుకు సుమారు 1100 అడుగులు నడుస్తుంది. ఒక మైకు ఒక అడుగు దూరం జరిగినా అదే దెబ్బ దానికి సెకనులో వెయ్యవవంతు ఆలస్యంగా చేరుతుంది. రెండింటినీ కలిపినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. స్నేరు గొంతు పీలగా పోతుంది. మేము పురికొసతో కొలిచి సరిచేశాం. లండన్ విద్యకు మా ఊరి పురికొస చాలింది.

కోడిగుడ్ల అట్టలు గోడకు కొట్టమని కొందరు సలహా ఇస్తారు. అవి శబ్దాన్ని ఆపవు. బరువైన బొంతలు మేలు. రెండు బొంతలు వెనుకగోడకు వేలాడదీసి, డ్రమ్ముల కింద జంఖానా పరిచి, పెద్ద డ్రమ్ములో పాతదిండు ఒకటి పెట్టాం. శబ్దపు ముల్లు గరిష్ఠస్థాయికి 12 డెసిబెల్సు తక్కువలోనే ఉండేట్టు చూసుకున్నాం. ఏమంటే, వాయించేవాడు పరీక్షలో కొట్టినట్టు పాటలో కొట్టడు. పాటలో ఆవేశం వస్తుంది.

సాయంత్రానికి పని ముగిసింది. విని చూచుకుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా దూలాలూ, వాసాలూ కూడా ఆ శబ్దంలో ఉన్నవి.

గడప దగ్గర

మరునాడు డప్పు. మా ఊళ్ళో డెబ్బయిదాటిన పెద్దాయన ఒకరున్నారు. చుట్టుపక్కల పదూళ్ళలో ఆయన చేతికి పేరు. మా తాత పట్వారీగా ఉన్న రోజుల్లో ఈయన తండ్రి ఊళ్ళో చాటింపు వేసేవాడు. పండుగైనా, పెండ్లైనా, చావైనా ఊరు పిలిస్తే పోయి కొట్టవలసిందే. ఇచ్చింది పుచ్చుకోవలసిందే. మా తాత ఆయనను 'ఒరే' అని పిలిచిన సంగతి నాకు తెలుసు. నేను ఈయనను 'కాకా' అంటాను. మధ్యనున్న కాలం ఒక్క పిలుపుతో చెరిగిపోదని కూడా నాకు తెలుసు.

ఆయన వచ్చి దర్వాజ బయటనే ఆగిపోయారు. చెప్పులు వీధిలోనే విడిచారు. గడ్డి అంటించి డప్పును మంటకు అటూఇటూ తిప్పుతూ కాచారు. చెక్క చట్రానికి బిగించిన తోలు వేడికి బిగుసుకుని, వేలితో మీటితే ఖంగుమన్నది.

"కాకా, లోపలికి రాండి" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. వాకిట్లో నిలబడ్డ మా అమ్మవైపు చూశారు. ఆ చూపులో అడగడమూ ఉన్నది, అడగకపోవడమూ ఉన్నది.

"ఎండల ఎందుకు నిలబడ్డవే అన్నా, లోపటికి రా" అన్నది అమ్మ.

ఆయన గడప దాటారు. ఇంట్లో రికార్డు చేస్తే ఖర్చు తక్కువని మురిసిపోయిన నేను, ఇల్లు అనే మాటకు ఆయన లెక్కలో ఎంత ఖరీదున్నదో అప్పటిదాకా ఆలోచించనేలేదు. అమ్మ చాయ్ తెచ్చింది. ఏ గ్లాసులో తెస్తుందోనని నా కళ్ళు ముందే వెతికాయి. మేము తాగే స్టీలు గ్లాసులోనే తెచ్చింది. నేను అట్లా వెతికినందుకు సిగ్గుపడ్డాను.

కుడిచేత సిర్ర, ఎడమచేత సన్నటి సిటికెన పుల్ల. సిర్ర పడ్డచోట దెబ్బ, పుల్ల తగిలినచోట దాని అంచు. పెండ్లిదరువు కొట్టారు. జాతరదరువు కొట్టారు. చాటింపు కొట్టారు. డప్పు శబ్దం ముందుకూ వెనుకకూ సమానంగా పోతుంది కనుక ఒక మైకును తోలుకు ఎదురుగా మూడడుగుల దూరంలో, మరొకదాన్ని భుజంమీదుగా వెనుక ఉంచాం. మైకును తోలు దగ్గరకు తెస్తే మీటిన చప్పుడే పడుతుంది, వెనుక పలికే నాదం పడదు.

"ఇగ సావుదరువు కొట్టు తాతా. అదే గావాలె నాకు" అన్నాడు మా మేనల్లుడు.

ఆయన సిర్రను ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంట్ల కొట్టద్దు బిడ్డా."

"రికార్డుకే గద! నిజంగ ఎవ్వలు సచ్చిన్లు?"

"డప్పుకు ఎరికుంటదా, రికార్డని?" అన్నారు. తరువాత నావైపు తిరిగి, "మీ ఇల్లు సల్లగుండాలె సారూ" అన్నారు.

మూడుతరాలు వాకిలిబయట నిలబెట్టిన ఇల్లు చల్లగా ఉండాలని ఆయన సిర్ర దించారు. నాకు మాట రాలేదు. ఆ దరువును ఆయనకు తండ్రి నేర్పారు. ఇంటి దగ్గరినుంచి దింపుడుకల్లం దాకా ఒక నడక, అక్కడినుంచి వాగుదాకా మరొక నడక, ముగింపు వేరు. ఊళ్ళో ఇప్పుడది పూర్తిగా తెలిసినది ఆయన ఒక్కరికే. కొడుకు దుబాయిలో క్రేను నడుపుతున్నాడు. ఎడమచేయి వణుకుడు మొదలైందని, పుల్ల వచ్చే ఏటికి నిలుస్తుందో నిలవదోనని వెళ్ళేటప్పుడు తానే చెప్పారు.

గోదావరి దాటి

గోండుల దండారీ మేళాలను కూడా ఎవరినైనా ఇంటికి పిలిపించి రికార్డు చేయవచ్చునన్న ఊహ నాలో అప్పటికి ఇంకా ఉన్నది. ఉట్నూరు దగ్గర బడిపంతులుగా పనిచేసే నా పాతశిష్యుడికి ఫోను చేస్తే నవ్వి, "మీరే రండి సార్" అన్నాడు.

జగిత్యాల, ధర్మపురి మీదుగా పోయి రాయపట్నం దగ్గర గోదావరి దాటాను. వంతెనకు ఇవతల పాత కరీంనగరం జిల్లా, అవతల పాత ఆదిలాబాదు. 2016లో జిల్లాలను విభజించినతరువాత ఇది జగిత్యాల, అది మంచిర్యాల. పేర్లు మారినా గోదావరి దాటగానే డప్పు సీమ పోయి డోలు సీమ వచ్చినట్టే ఉంటుంది.

దండేపల్లి మండలంలో గోదావరి ఒడ్డున గుడిరేవు అనే ఊరున్నది. అక్కడ గోండుల దేవత పద్మల్‌పురి కాకో వెలసి ఉన్నది. దండారీ పండుగకు ముందు ఊళ్ళకు ఊళ్ళు వాయిద్యాలతో వచ్చి ఆమెకు మొక్కిపోతాయి. నేను పోయిననాడు నాలుగు బృందాలు ఒడ్డుమీద ఉన్నవి. నాలుగు లయలు ఒకేసారి మోగుతున్నా ఒకదానితో ఒకటి చిక్కుపడలేదు. మైకు తీసి చూశాను. అందులో మాత్రం అంతా చిక్కుపడిపోయింది. కంటికీ చెవికీ కలిసివచ్చే నేర్పు ఒంటరి మైకుకు లేదు.

అక్కడినుంచి జన్నారం దాటితే కవ్వాల అడవి. 2012నుంచి పులుల అభయారణ్యం. టేకుచెట్ల నడుమ బస్సు రెండుగంటలు నడిచి ఉట్నూరు చేర్చింది. సాయంకాలం మా శిష్యుడి మోటారుసైకిలుమీద జైనూరు వైపు పోయాం.

ఆ దారిలోనే మార్లవాయి ఉన్నది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరిగినతరువాత, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాము ప్రభుత్వానికి కలిగింది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు ఈ పనిమీద వచ్చి మార్లవాయిలోనే కాపురం పెట్టాడు. ఇక్కడ ఉపాధ్యాయశిక్షణ కేంద్రం తెరిపించాడు. 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథం ప్రకటించాడు. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాదులో మరణిస్తే ఈ ఊళ్ళోనే సమాధిచేశారు. 1995లో మరణించిన ఆయన అస్థికలు కూడా 2012లో ఆమె పక్కకే చేరుకున్నవి. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజుదీ ఈ ఊరే. ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు.

ఊరంతా ఒక వాయిద్యం

మేము పోయిన గూడెంలో ఆ రాత్రి పొరుగూరి దండారీ బృందం అతిథులుగా వచ్చింది. ఒక ఊరు మరొక ఊరికి బంధువులై పోవడం, ఆ ఊరివారు విందుపెట్టడం, మరుసటి ఏడు వీరు వారికి బదులు తీర్చడం, మాటల సందున పెళ్ళిసంబంధాలు కుదుర్చుకోవడం. ఇదీ పండుగ. నెమలీకల పెద్దపెద్ద కిరీటాలు, ఒంటినిండా బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్ర. గుస్సాడీలు వాకిట్లో అడుగుపెట్టగానే పిల్లలు తల్లుల చాటుకు పోయి, అక్కడినుంచి తొంగిచూశారు.

డోలు, పర్ర, గుమేల, తుడుం. వాటిమీద సన్నాయివంటి పెప్రె, కాళికోం అనే బాకా. తుడుం కేవలం వాయిద్యం కాదు. ఊరిని పిలిచే గొంతు. ఆదివాసుల హక్కుల పోరాటసంఘం ఒకటి తనకు 'తుడుందెబ్బ' అనే పేరు ఊరికే పెట్టుకోలేదు.

నేను మొదట డోలు దగ్గర మైకు పట్టుకున్నాను. బాగా పడింది; కాని అది డోలు మాత్రమే. ఇరవైఅడుగులు వెనక్కు వచ్చాను. పెప్రె కలిసింది. ఇంకా వెనక్కు వచ్చి ఒక ఇంటి పందిరికింద నిలబడ్డాను. అడుగుల చప్పుడు, గజ్జెలు, వంటచెరుకు చిటపట, ఎవరో ముసలమ్మ నవ్వు. అప్పుడు దండారీ మొత్తం చెవికి వచ్చింది. మేజోడు తొడిగిన మైకును పందిరిగుంజకు కట్టి, లెవెలు తగ్గించి, వదిలేశాను. గంటన్నరసేపు దాన్ని ముట్టుకోలేదు.

భోజనాల దగ్గర ఊరి పటేలుతో నా పాత ఊహ చెప్పాను. ఒక డోలాయనను కరీంనగరం పంపితే మా ఇంట్లో చక్కగా రికార్డు చేస్తామన్నాను.

ఆయన నమిలే ముద్ద ఆపి అడిగాడు: "డోలు ఒక్కతే వచ్చి ఏం మాట్లాడుతది సారూ? అవతల జవాబు చెప్పెటోళ్ళు ఉండాలె గద!"

పండుగ ముగిసేనాడు కోలబోడి జరుగుతుంది. ఆనాడు కిరీటాలు, వేషసామాగ్రి అన్నీ పూజచేసి దాచివేస్తారు. మళ్ళీ ఏడాదిదాకా తీయరు. వచ్చేనెల ఎవరైనా వచ్చి అడిగితే, అని నేననలేదు. అడగవలసిన ప్రశ్న కాదని అప్పటికి అర్థమైంది.

ఆ రాత్రి నిద్రపట్టక పందిట్లో పడుకుని వింటున్నాను. దూరాన మరొక గూడెంలో మేళం సాగుతున్నది. పెప్రె వినిపించడంలేదు, డోలు ఒక్కటే వినిపిస్తున్నది. సన్నని స్వరాలను గాలి, ఆకులు దారిలోనే తినేస్తాయి. మందరం మాత్రం గుట్టలు దాటి వస్తుంది. మా ఊళ్ళో కాక మాట గుర్తుకు వచ్చింది. నేను ఆయన దరువును మూఢనమ్మకం అనలేదు. కాని మనసులో అనుకున్నాను. ఇక్కడ ఈ పటేలు చెప్పినమాటకు మాత్రం తల ఊపాను. ఇద్దరూ చెప్పినది ఒక్కటే. వాయిద్యానికి చోటూ, వేళా ఉన్నవి. అవి లేకుండా పట్టుకుంటే మిగిలేది చప్పుడు. పరాయి ఊళ్ళో ఆచారమనిపించినది సొంత ఊళ్ళో నాకు మూర్ఖత్వమెందుకు అనిపించింది? ఎదుటివాణ్ణి ఎంతకాలం గడప బయట నిలబెడితే అతని మాటకూడా అంతకాలం బయటనే ఉండిపోతుంది కాబోలు.

వాగు ఒడ్డున

తిరిగివచ్చిన మరునాడే కాక ఇంటికి నేను పోయాను. ఊరి చివర రెండుగదుల ఇల్లు. ఆయన భార్య పీట వేసింది, చాయ్ ఇచ్చింది. ఆ ఊళ్ళో పుట్టిన నేను ఆ ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

"కాకా, ఇంట్లో వద్దు. ఎక్కడ కొట్టవచ్చో అక్కడికే నేను వస్తా" అన్నాను.

ఆయన చాలాసేపు ఊరుకుని, "వాగుకాడ కొడ్త. తెల్లారంగ. మా నాయినకు మొక్కి కొడ్త" అన్నారు.

తెల్లవారుజామున చింతచెట్టుకింద మంట వేశారు. మైకు ఒక్కటే. మేజోడు తొడిగి, ఎనిమిదడుగుల దూరంలో వెదురుకు కట్టాను. బొంతలు లేవు, గోడలు లేవు, పురికొస కొలతలు లేవు. రెండు నడకలూ, ముగింపూ కొట్టారు. పదకొండు నిమిషాలు. ఎడమచేయి రెండుచోట్ల తడబడింది, ఆపలేదు. మధ్యలో ట్రాక్టరు ఒకటి పోయింది. చివరిదెబ్బ తరువాత కాకులు లేచినవి. మా మేనల్లుడు ఆ కాకులను తీసేస్తానన్నాడు. వద్దన్నాను.

డబ్బు ఇవ్వబోతే ముందు వద్దన్నారు. "ఇది ఊరు పిలిచిన పని కాదు కాకా, కళాకారుడి కూలి" అంటే తీసుకున్నారు. రెండు షరతులు పెట్టారు. ఒక ప్రతి దుబాయిలోని కొడుకుకు పంపాలి. మరొకటి, దీన్ని పాటలో కలపకూడదు, ఎవరి ఫోనులోనూ గంటగా మోగకూడదు. మా మేనల్లుడు ఒక్క క్షణం ముఖం చిన్నబుచ్చుకున్నాడుగాని, ఒప్పుకున్నాడు. పెండ్లిదరువుతో వాడి పాట పూర్తయింది, బాగానే ఉన్నది.

దుబాయినుంచి కొడుకు పదిరోజులకు ఫోను చేశాడు. సెలవు దొరికితే వచ్చి నేర్చుకుంటానన్నాడు. ఈలోగా రాత్రి డ్యూటీ దిగినతరువాత గదిలో కాదు, మేడమీదికి పోయి వింటున్నాడట. ఎందుకని నేను అడగలేదు.

ఆ పదకొండు నిమిషాలు నా కంప్యూటరులో ఉన్నవి. మా ఇంట్లో ఇంతవరకు ఒక్కసారికూడా మోగించలేదు. వినాలనిపించినప్పుడు వాగుకాడికి పోతున్నాను.